తెర ఆర్పి రాసిన వాంగ్మూలం

2008 ఏప్రిల్‌లో నన్ను సికింద్రాబాదు నుంచి గన్‌ఫౌండ్రీ శాఖకు బదిలీ చేశారు. హోదా సీనియర్ కస్టమర్ ఇంజినీరు. వినడానికి ఘనంగానే ఉంటుంది. చేసే పని మాత్రం స్క్రూడ్రైవర్ల సంచీ భుజాన తగిలించుకుని అబిడ్స్, నాంపల్లి, మొజంజాహీ మార్కెట్ చుట్టుపక్కల ఆఫీసుల మెట్లు ఎక్కి దిగడం. మా కంపెనీ కంప్యూటర్లు అమ్మేది కాదు. ఎవరో అమ్మినవాటిని ఏడాది ఒప్పందం మీద బాగుచేసేది. ఖాతాదారు ఫోన్ చేసి చెప్పే ఫిర్యాదును మేం కాల్ అనేవాళ్ళం. ఒక్కో కాల్‌కు ఒక్కో రిపోర్టు. అందులో ఫిర్యాదు ఏమిటి, ఏం చేశారు, ఏ విడిభాగం మార్చారు అన్న గడులు నింపాక చిట్టచివర ‘వినియోగదారుకు శిక్షణ ఇచ్చారా’ అని ఇంకో గడి ఉండేది. దానికి నేను మెట్లు దిగుతూ దిగుతూనే ‘ఇచ్చాం’ అని టిక్కు పెట్టేసేవాణ్ణి. ఆ శిక్షణ కూడా ఎంత, టీ కప్పు కీబోర్డు పక్కన పెట్టకండి అని చెప్పడమే.

అప్పటికి నాకు పద్దెనిమిదేళ్ళ అనుభవం. అనుభవంతోపాటు కాస్త తలబిరుసూ వచ్చింది. యంత్రాలన్నీ మంచివే, వాడే మనుషులే వాటిని చెడగొడతారని గట్టిగా నమ్మేవాణ్ణి, అవకాశం దొరికితే పదిమందిలో అనేవాణ్ణి కూడా. ఆ నమ్మకాన్ని ఒక్క రోజులో పోగొట్టిన మనిషి ఒకరున్నారు. ఆవిడ గురించే ఇది.

మే నెలలో ఒక సోమవారం పొద్దున మా శాఖకు కాల్ వచ్చింది. గన్‌ఫౌండ్రీలోనే ఒక వకీలుగారి ఆఫీసు. ఆయన దగ్గరున్న చిన్న ల్యాప్‌టాప్ రెండు గంటలు కూడా నిలవడం లేదు, బుధవారానికి అయిదు గంటలు నడవాలి, ఏం చేస్తారో చేయండి. ఇదీ ఫిర్యాదు. రెండో అంతస్తు ఎక్కి వెళ్ళి సంగతి కనుక్కున్నాను.

ఆ వకీలుగారిని లేబర్ కోర్టు ఒక కేసులో కమిషనర్‌గా నియమించింది. కోర్టుకు రాలేని సాక్షి ఉంటే, కోర్టు తరఫున ఒక వకీలు ఆ సాక్షి ఉన్నచోటికే వెళ్ళి, ఇరుపక్షాల ఎదుట వాంగ్మూలం నమోదు చేసి తెస్తాడు. ఆ పని చేసేటప్పుడు ఆయన్ని కమిషనర్ అంటారు. కేసు యాదగిరి అనే కార్మికుడిది. నాంపల్లిలోని ఒక అచ్చాఫీసులో కాగితాలు కోసే కటింగ్ మెషిన్ మీద పనిచేసేవాడు. ఎనిమిదేళ్ళ కిందట, చెయ్యి కత్తి కిందకు పోకుండా ఆ మెషిన్‌కు ఉండాల్సిన ఇనుప గార్డు లేకపోవడంతో తోటి పనివాడి వేళ్ళు తెగిపోయాయి. గార్డు తీసేసింది యాదగిరే అని చెప్పి అతన్ని పనిలోంచి తీసేశారు. వేళ్ళు తెగడానికి కారకుడన్న పేరు పడ్డవాడికి ఏ అచ్చాఫీసులోనూ మళ్ళీ పని దొరకలేదు. మొజంజాహీ మార్కెట్‌లో పళ్ళ పెట్టెలు దించుకుంటూ కేసు నడుపుకుంటున్నాడు.

గార్డు ఎవరు తీశారో తెలిసిన సాక్షి ఒక్కడే, ఆనాటి ఫోర్‌మన్ వెంకటయ్య. ఆయనకు గొంతులో క్యాన్సరు. నాంపల్లిలోనే ఒక దవాఖానలో ఉన్నాడు. గురువారం ఆపరేషన్. స్వరపేటిక మొత్తం తీసేస్తారు, ఆ తర్వాత మాట ఉండదు. బుధవారం పదిన్నర నుంచి నాలుగు దాకా, మధ్యలో విరామాలిస్తూ మాట్లాడించుకోవడానికి డాక్టరు ఒప్పుకున్నాడు. ఆ రోజు దాటితే యాదగిరి కేసుకు సాక్ష్యమే లేదు.

వాంగ్మూలం టైపు చేసి తీరాలి. అంతకుముందు ఇంకో సాక్షి మాటల్ని చేత్తో రాస్తే, మధ్యలో కొన్ని మాటలు తర్వాత ఇరికించారని యాజమాన్యం తరఫు వకీలు అభ్యంతరం పెట్టాడు. ఈసారి అందరి ఎదుటా టైపు చేయాలని కోర్టు ఆదేశం. టైప్‌రైటర్ తెస్తామంటే వార్డు సిస్టర్ కుదరదంది. పోనీ కంప్యూటర్ అంటే, మంచాల పక్కనున్న ప్లగ్గులు రోగుల యంత్రాలకే, బయటివాళ్ళవి పెట్టనివ్వం అంది. ఆమె తప్పేం లేదు, ఆ వార్డులో గొంతులోని కఫం లాగే యంత్రాలు రోజంతా నడుస్తూనే ఉంటాయి. యూపీఎస్ పట్టుకెళ్దామంటే అది గోడ కరెంటు లేకపోతే కూతపెడుతూనే ఉంటుంది. కాబట్టి చప్పుడు లేని యంత్రం, సొంత బ్యాటరీ మీద నడిచేది కావాలి. ఆ చిన్న ల్యాప్‌టాప్ తప్ప దిక్కు లేదు.

యంత్రాన్ని చూశాను. బరువు కిలోకు కొంచెం ఎక్కువ, పదిన్నర అంగుళాల తెర, కొని నాలుగేళ్ళు. నాలుగేళ్ళూ ఛార్జరు తీయకుండా ఉంచారు. “ఎప్పుడు సూసినా ఫుల్లే ఉంటది సార్” అని అటెండరు గొప్పగా చెప్పాడు. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. లిథియం బ్యాటరీకి నిండుగా ఉండి వేడిలో కూర్చోవడమంత హాని ఇంకోటి లేదు. సగానికీ ముప్పావుకీ మధ్య ఉంచి వాడుకుంటే పదికాలాలు పనికొస్తుంది. పాతకాలం నికెల్ బ్యాటరీలకు వేరే నియమాలుండేవి, జనం వాటికీ వీటికీ తేడా లేకుండా ఎవరికి తోచింది వాళ్ళు చేసేవారు. బ్యాటరీ లోపల ఒక చిప్ ఉంటుంది. పుట్టినప్పుడు ఎంత పట్టేది, ఇప్పుడెంత పడుతోంది అన్నది అది చెబుతుంది. ఇది సగం కూడా పట్టడం లేదు. కొత్తది తెప్పిస్తే పది రోజులు. మా శాఖలో అత్యవసరానికి ఉంచే ల్యాప్‌టాప్ అప్పటికే వేరే ఖాతాదారు దగ్గర ఉంది.

ఇక ఉన్నదాన్నే సాగదీయాలి. వైర్‌లెస్ కార్డు ఊడదీశాను. బయట తగిలించే మౌస్ పక్కన పెట్టాను. ప్రాసెసర్ వేగం తగ్గించాను. మెమరీ సరిపోకపోతే యంత్రం మాటిమాటికీ హార్డ్‌డిస్కును తిప్పుతుంది, తిప్పిన ప్రతిసారీ కరెంటు తింటుంది. అందుకని మా స్టోర్ నుంచి అరువు మీద అదనపు మెమరీ తెచ్చి పెట్టాను. వెనకాల తమంతట తాము నడిచే ప్రోగ్రాములన్నీ ఆపేసి, హంగులేవీ లేని సాదా టైపింగ్ ప్రోగ్రాము ఒక్కటి ఉంచాను. చివరగా బ్యాటరీని ఒకసారి పూర్తిగా నింపి, పూర్తిగా ఖాళీ చేసి, మళ్ళీ నింపాను. ఇది రోజూ చేయకూడదు, కానీ ముసలి బ్యాటరీ విషయంలో ఒకసారి చేయాలి. లేకపోతే తెర మీద కనిపించే శాతం అబద్ధం చెబుతుంది. ఇరవై అని చూపిస్తూనే టప్పున ఆరిపోతుంది.

ఇంతా చేసి మంగళవారం మధ్యాహ్నం లెక్క చూస్తే, గంటా యాభై నిమిషాలు నడిచేది రెండూ ముక్కాలు గంటలకు వచ్చింది. నా ఉద్యోగంలో అంతకంటే బాగా చేసిన పని లేదనే అనుకున్నాను. కానీ కావలసింది విరామాలు పోను నాలుగు గంటలు. తెర వెలుగు తగ్గించడం ఒక్కటే మిగిలింది. అలాంటి చిన్న యంత్రాల్లో తెర వెనక సన్నటి ట్యూబులైటు లాంటిది ఉండేది, మొత్తం కరెంటులో దాదాపు సగం దానిదే. దాన్ని కనిష్ఠానికి తగ్గించి, టైపిస్టును పిలిపించమని కమిషనర్‌గారిని అడిగాను. ఆ మసకలో ఆమె చదవగలదో లేదో చూడాలి కదా.

వచ్చింది కరుణమ్మగారు. అరవైకి దగ్గరపడిన మనిషి, నేత చీర, తాడుతో మెడలో వేలాడే కళ్ళద్దాలు. మెదక్ మిషన్ బోర్డింగులో చదువుకుని, అబిడ్స్‌లో ఒక టైపు ఇన్‌స్టిట్యూట్‌లో ఇంగ్లీషు హయ్యర్ పాసై, ముప్పై ఏళ్ళకు పైగా పోస్టాఫీసు దగ్గరి ఒక వరండాలో సొంత మెషిన్ పెట్టుకుని జాబ్ టైపింగ్ చేస్తున్నారట. వకీళ్ళకు ఆమె మీద గురి. ఆమె మాత్రం కొంచెం చిన్నబుచ్చుకునే ఉన్నారు.

“మెషిన్ తెస్తనంటే గా సిస్టర్ వద్దన్నది బాబూ. వార్డుల టకటక అయితదంట. ముప్పై ఏండ్లల్ల నా మెషిన్‌ను వద్దన్నోళ్ళు లేరు” అన్నారు.

తెర మసగ్గా ఉంటుంది, కళ్ళకు ఇబ్బంది, ఏమనుకోకండమ్మా అని చెప్పాను. ఆమె నా మాట పట్టించుకున్నట్టు కనిపించలేదు. ఒక్క క్షణం కళ్ళు మూసుకుని ఏదో ప్రార్థించుకుని, కుర్చీ సర్దుకుని కూర్చున్నారు. కమిషనర్‌గారు ఏదో పాత వాంగ్మూలం తీసి చదవసాగారు. ఆమె టైపు మొదలుపెట్టారు.

అంత మెత్తగా, అంత సమానంగా పడే వేళ్ళను నేను అంతకుముందు చూడలేదు. రెండు వేళ్ళతో కీబోర్డును పొడిచే ఆఫీసర్ల మధ్య బతికినవాణ్ణి. చూస్తూ ఉంటే ఒక సంగతి గమనించాను. ఆమె తల కమిషనర్‌గారి వైపే ఉంది. అలవాటుగా తల తిప్పారేమోనని ఇంకో పేరా దాకా చూశాను. తెర వైపు ఒక్కసారీ తిరగలేదు.

నాలో కొంటెతనం లేచింది. ఆ యంత్రానికి బయటి మానిటర్ తగిలించుకునే సదుపాయం ఉంది. బొమ్మను బయటి మానిటర్‌కు మళ్ళించే మీట నొక్కితే సొంత తెర పూర్తిగా ఆరిపోతుంది, కానీ లోపల పని మామూలుగా సాగుతుంది. వెనక నుంచి చెయ్యి చాచి ఆ మీట నొక్కాను. తెర నల్లబడింది. కరుణమ్మగారు టైపు చేస్తూనే ఉన్నారు. ఒక పేజీ అయింది, రెండో పేజీలోకి వెళ్ళారు. కమిషనర్‌గారు ఆపి, ఏదీ చదవండి అన్నప్పుడు గానీ తెర ఆరిపోయిన సంగతి ఆమెకు తెలియలేదు.

“ఏంది బాబూ, కరెంటు వోయిందా?” అన్నారు.

మీట నొక్కి వెలిగించాను. రెండు పేజీల్లో ఒకటే తప్పు, అదీ కమిషనర్‌గారు తడబడిన చోట. తెర లేకుండా ఎలా చేశారమ్మా అని అడిగాను. ఆమెకు నా ప్రశ్నే వింతగా తోచింది.

“గా తెరను నేనెప్పుడు సూసిన బాబూ? సారు నోరు సూస్త. మా మాస్టరు చేతుల మీద అట్టపెట్టె బోర్లించి నేర్పిండు. మీటల దిక్కు సూస్తె పెట్టె మీద బెత్తంతోని కొట్టెటోడు. కాయితం దిక్కు సూసినా కొట్టెటోడు. ఇంక యాడ సూడాలె?”

ఒకటిన్నర రోజులు స్క్రూలు విప్పి నేను సంపాదించింది ఒక గంట. ఆమె ముప్పై ఏళ్ళ కిందట నేర్చుకున్న పద్ధతితో ఇంకో గంటన్నర చేతికొచ్చింది. ఆ సాయంత్రం తెర ఆర్పి మళ్ళీ లెక్క చూశాను. నాలుగు గంటల పదిహేను నిమిషాలు. పేజీ చివర ఒక్క నిమిషం వెలిగించి సరిచూసుకుంటే, డాక్టరు విరామాల్లో యంత్రాన్ని నిద్రపుచ్చితే, ఎలాగో గట్టెక్కుతాం. మా శాఖ మేనేజరుతో చెప్పి బుధవారం నేనూ వస్తానన్నాను. ఆయన అనుమానంగా చూశాడు గానీ ఒప్పుకున్నాడు.

బుధవారం పొద్దున వార్డు బయట వరండాలో యాదగిరి నిలబడి ఉన్నాడు. మార్కెట్ నుంచి నేరుగా వచ్చినట్టున్నాడు, చొక్కా మీద మామిడి జీడి మరకలు. ఆ డబ్బాల బ్యాటరీ ఉంటదా సార్ అని నన్నే అడిగాడు, ఎవరు చెప్పారో. ఉంటుందన్నాను. “నేనే తీసిన్నని ఎనిమిదేండ్ల నుంచి అంటున్నరు. ఎవరు తీసిన్రో నేను జెప్తే ఎవరు నమ్ముతరు? ఆయననే చెప్పాలె” అన్నాడు. ఉంటుందని అంత ధీమాగా ఎందుకన్నానా అని నాకు భయం వేసింది.

పద్ధతి ఇలా సాగింది. ఇరుపక్షాల వకీళ్ళూ వంతులవారీగా అడుగుతారు. వెంకటయ్య తెలుగులో చెబుతాడు. కమిషనర్‌గారు దాన్ని ఇంగ్లీషులోకి మార్చి చెబుతారు. కరుణమ్మగారు టైపు చేస్తారు. రోగి భోజనానికి వాడే చక్రాల బల్ల మీద యంత్రం పెట్టాం. తెర ఆర్పగానే యాజమాన్యం తరఫు వకీలు అభ్యంతరం చెప్పాడు. కనిపించకుండా ఏం రాస్తున్నారో ఎలా నమ్మాలన్నాడు. న్యాయమైన ప్రశ్నే. ప్రతి పేజీ చివరా వెలిగించి అందరికీ చూపిస్తామని కమిషనర్‌గారు హామీ ఇచ్చారు. మొదటి పేజీ చూపించాక ఆ వకీలు మళ్ళీ అడగలేదు. మూడో పేజీ దగ్గర కళ్ళద్దాలు తీసి తుడుచుకుని, “అమ్మా, మీరెక్కడ నేర్చుకున్నారు?” అని మాత్రం అడిగాడు.

వెంకటయ్య గొంతు ముందే బొంగురు. మధ్యాహ్నం దాటేసరికి గాలే ఎక్కువ, మాట తక్కువ. అందుకే కరుణమ్మగారు ఆయన పెదాల కేసి కూడా చూస్తున్నారు. కమిషనర్‌గారికి అర్థం కాని మాట రెండుసార్లు ఆమే అందించారు. నేను మూల స్టూలు మీద కూర్చుని పేజీ పేజీకీ శాతం రాసుకుంటున్నాను. రెండున్నరకు ముప్పై రెండు. లెక్క ప్రకారమే ఉంది.

అప్పుడు అడ్డు ప్రశ్నల్లో యాజమాన్యం తరఫు వకీలు, గార్డు ఎవరు తీశారో మీరు కళ్ళారా చూడలేదు కదా అని అడిగాడు. వెంకటయ్య దిండు మీంచి లేచి కూర్చుని, ఉన్న ఊపిరంతా కూడదీసుకుని చెప్పాడు.

“సూసుడేంది సార్. గార్డు నేనే తీసిన. పని తొందరగ గావాలని మేనేజర్ తీయమన్నడు. యాదగిరి వద్దన్నడు. నేనే ఇనలే.”

వరండా గుమ్మంలో యాదగిరి గోడ పట్టుకుని నిలబడ్డాడు. కమిషనర్‌గారు ఆ నాలుగు మాటల్నీ ఇంగ్లీషులో చెప్పసాగారు. సరిగ్గా అప్పుడే వెంకటయ్యకు దగ్గు ముంచుకొచ్చింది. నర్సు కఫం లాగే యంత్రంతో పరుగెత్తుకొచ్చింది. చక్రాల బల్లకు తగిలింది. ల్యాప్‌టాప్ జారబోయింది. కరుణమ్మగారు కుడిచేత్తో దాన్ని ఒడిసిపట్టి, మళ్ళీ చెయ్యి మీటల మీద పెట్టి, కమిషనర్‌గారి మాట తెగిపోకుండానే టైపు పూర్తిచేశారు.

దగ్గు తగ్గాక డాక్టరు వచ్చాడు. ఇక ఈయనతో మాట్లాడించవద్దు, తల ఊపించుకోండి, అంతే అని గట్టిగా చెప్పాడు. కమిషనర్‌గారు పేజీ చూద్దామన్నారు. నేను తెర వెలిగించాను.

ప్రశ్న దాకా అంతా సరిగ్గా ఉంది. జవాబు మాత్రం పిచ్చిరాతలా ఉంది. అక్షరాల మధ్య కామాలు, సెమికోలన్లు. యాజమాన్యం తరఫు వకీలు లేచి తన బాధ్యత ప్రకారం అభ్యంతరం పెట్టాడు. జవాబు నమోదు కాలేదు, జ్ఞాపకం మీద తిరగరాస్తే ఒప్పుకోను. తీయమన్నాడో, తీస్తే ఏమీ అనలేదో, ఒక్క మాటతో అర్థం మారిపోతుంది. సాక్షిని మళ్ళీ అడగండి. కానీ సాక్షి మాట్లాడలేడు. తెల్లారితే మాటే ఉండదు. కమిషనర్‌గారు నుదురు పట్టుకుని కూర్చున్నారు.

కరుణమ్మగారు కళ్ళద్దాలు పెట్టుకున్నారు. ఆ రోజు మొత్తంలో ఆమె తెరను శ్రద్ధగా చూడడం అదే మొదటిసారి. పది సెకన్లు చూశారేమో.

“కుడిచెయ్యి ఒక మీట పక్కకు వడ్డది సార్. ఎడమచెయ్యి మంచిగనే ఉన్నది. చదువుతా రాసుకోండ్రి” అన్నారు.

చదివారు, ఎక్కడా ఆగకుండా, మామూలు వాక్యం చదివినట్టే. నో అన్న మాట ఎమ్, పి అని పడింది. ఎన్ పక్కన ఎమ్, ఓ పక్కన పి. మేనేజర్ అన్న మాట కామాతో మొదలైంది, ఎమ్ పక్క మీట కామా కాబట్టి. ఎడమచేతి అక్షరాలు ఒక్కటీ చెక్కుచెదరలేదు. యంత్రాల సంగతి తెలుసని మిడిసిపడిన నేను ఒక మీట తర్వాత ఏ మీటో చూడకుండా చెప్పలేను. ఆమెకు నలభై మీటలూ పుట్టుమచ్చల్లా తెలుసు.

యాజమాన్యం తరఫు వకీలు నమ్మలేదు, నమ్మననీ అనలేదు. నేనే సరిచూస్తానని బల్ల దగ్గరకు వచ్చి వంగాడు. తెర మీద ఒక్కో అక్షరం చూసి, అది కుడిచేతిదైతే కీబోర్డు మీద దాని ఎడమ పక్క మీటపై వేలు పెట్టి, అదేమిటో కాగితం మీద రాసుకున్నాడు. అలా జవాబు మొత్తం. ఇరవై నిమిషాలు పట్టింది. అంతసేపూ తెర వెలుగుతూనే ఉంది. శాతం ఇరవై ఒకటైంది, పదిహేడైంది. గోడ మీది ప్లగ్గు వైపు చూసి, సిస్టర్ మొహం చూసి, మళ్ళీ తల దించుకున్నాను. తొందరపెట్టే హక్కు నాకు లేదు. ఆయన చేస్తున్నది అక్షరాలా నిజాయితీ పని.

చివరి అక్షరం రాసి ఆయన నిటారుగా నిలబడ్డాడు. తన కాగితాన్ని కమిషనర్‌గారికి ఇచ్చాడు. “ఆమె చదివినట్టే ఉందండీ. నాకు అభ్యంతరం లేదు” అన్నాడు. తన కక్షిదారుడికి నష్టం చేసే మాటను తన చేత్తోనే రాసి ఇచ్చిన వకీలును నేను ఆ ఒక్కడినే చూశాను. ఆయన మీదా నాకు గౌరవం కలిగింది, ఇప్పటికీ ఉంది.

కమిషనర్‌గారు ఇంకో మంచి పని చేశారు. తప్పుగా పడిన పంక్తుల్ని చెరపనివ్వలేదు. అవి అలాగే ఉంచి, కింద సరైన పంక్తులు టైపు చేయించి, ఎందుకిలా జరిగిందో రెండు వాక్యాలు నమోదు చేశారు. అసలు మాటలు వెంకటయ్యకు తెలుగులో వినిపించి, ఇవేనా అని అడిగారు. ఆయన తల ఊపాడు. ఒకసారి ఊపి ఊరుకోలేదు, యాదగిరి వైపు చూస్తూ మళ్ళీ ఊపాడు. మిగిలిన మూడు ప్రశ్నలకూ తల ఊపడంతోనే జవాబులయ్యాయి. తెర మళ్ళీ ఆర్పాం.

నాలుగుకు పావు తక్కువలో పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసేటప్పటికి శాతం అయిదు. స్టేషన్ రోడ్డులోని డీటీపీ షాపుకు స్కూటర్ మీద నేనే వెళ్ళి ముద్రించి తెచ్చాను. పేజీ పేజీకీ వెంకటయ్య సంతకం చేశాడు. తప్పు పడిన పేజీలో ఇద్దరు వకీళ్ళూ పొడి సంతకాలు పెట్టారు.

బయటికొచ్చాక మొజంజాహీ మార్కెట్ దగ్గర ఐస్‌క్రీమ్ తినిపిస్తానంటే కరుణమ్మగారు వద్దనలేదు. అంత పెద్ద పనిచేశారమ్మా అన్నాను. “పెద్ద పనేంది బాబూ, తప్పు వడ్డది. మా మాస్టరుంటే బెత్తం విరిగేది” అన్నారు. నిజంగానే బాధపడుతున్నారు. ఆమెను చూసి నాకు సిగ్గేసింది. నా చేతిలో పాడైన మదర్‌బోర్డులకు లెక్క లేదు, ఏ రోజూ ఐస్‌క్రీమ్ చేదుగా అనిపించలేదు.

వెంకటయ్య ఆపరేషన్ తర్వాత పలక మీద రాసి మాట్లాడేవాడని విన్నాను. కోర్టు ఉత్తర్వు రావడానికి మరో ఏడాది దాటింది. గార్డు తీసింది యాదగిరి కాదని, అతన్ని తిరిగి పనిలోకి తీసుకోవాలని అందులో ఉంది. ఆ తప్పు పడిన పేజీ సంఖ్యను ఉత్తర్వులో ప్రస్తావించారని కమిషనర్‌గారు నాకు ఫోన్ చేసి చెప్పారు. ఆ ఆదివారం అబిడ్స్‌లో పాత పుస్తకాల కోసం తిరుగుతూ కరుణమ్మగారి వరండా దగ్గర ఆగాను. ఆదివారం కదా, మెషిన్ మీద గుడ్డ కప్పి ఉంది. ఆమె చర్చికి వెళ్ళి ఉంటారు.

ఆ తర్వాత పన్నెండేళ్ళు ఉద్యోగం చేశాను. బ్యాటరీ నిలవడం లేదన్న కాల్ ఎప్పుడొచ్చినా ముందు సంచీ తెరవడం మానేశాను. వాడే మనిషి పక్కన పావుగంట కూర్చుని, యంత్రంలో ఏ భాగం లేకపోయినా ఈ మనిషి పని సాగుతుందో చూసేవాణ్ణి. ఆ భాగాన్ని ఆపేస్తే చాలు. చాలాసార్లు స్క్రూడ్రైవర్‌తో పనే పడలేదు.

ఆ బుధవారం నాటి కాల్ రిపోర్టు మా శాఖ ఫైలులో చాలాకాలం ఉండేది. విడిభాగాలు: ఏవీ మార్చలేదు. చేసిన పని: తెర ఆర్పాం. వినియోగదారుకు శిక్షణ ఇచ్చారా అన్న గడిలో అలవాటుగా పెట్టిన టిక్కును కొట్టివేసి, పక్కన ‘తీసుకున్నాను’ అని రాశాను. ఇదేం రాతయ్యా, దిద్దు అని మేనేజరు కాగితం వెనక్కిచ్చాడు. సంతకం పెట్టి అలాగే తిరిగి ఇచ్చేశాను.